రెండొందల యూనిట్ల లోపల: మా గీజరు టైమరు డైరీ

నవంబరు 9, 2024, శనివారం

రీడింగ్ తీసే అబ్బాయి గేటు దగ్గరే బిల్లు కొట్టి చేతిలో పెట్టి వెళ్లాడు. 214 యూనిట్లు. పోయిన నెల 188. కూలరు ఎప్పుడో అటకెక్కింది. ఏసీ మాకు లేదు. ఫ్యాన్లు కూడా అర్ధరాత్రి దాటాక ఎవరో ఒకరు లేచి ఆపేస్తున్నారు. మరి పెరిగిందెక్కడ?

యూనిట్లు పెరగడం ఒక ఎత్తు, డబ్బులు పెరిగిన తీరు ఇంకో ఎత్తు. తెలంగాణలో నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. సరిగ్గా 200 వాడితే కరెంటు చార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ తిరిగిందంటే ఆ నెలకు మన ఇల్లు ఇంకో కేటగిరీలోకి పోతుంది. అప్పుడు మొదటి 200కూ 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, ఆ పైన ఒక్కో యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. అంటే ఆ 201వ యూనిట్ ఒక్కటే 207 రూపాయల 70 పైసలు తింటుంది.

మేం 14 దాటాం. 1,127 రూపాయల 80 పైసలు పడింది. 200 దగ్గర ఆగి ఉంటే 820. తేడా 307 రూపాయల 80 పైసలు, అంటే ఆ 14 యూనిట్లూ ఒక్కోటి 22 రూపాయలకు కొన్నట్టు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ వేరే.

నేను ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతాను. స్లాబుల లెక్క చాలాసార్లు బోర్డు మీద వేయించాను. మా ఇంటి బిల్లు మీద మాత్రం ఇవాళే వేశాను.

నా అనుమానం గీజరు మీద. దసరా తరువాత ముసురు పట్టినప్పుడు వేశాం, అప్పటి నుంచి పొద్దున ఐదుకు వేస్తే రాత్రి పడుకునేటప్పుడు ఆపుతున్నాం. ఒక్కోసారి అదీ మరచిపోతున్నాం. 25 లీటర్లది, 2000 వాట్లు, కొని తొమ్మిదేళ్లు.

నవంబరు 10, ఆదివారం

కొలవకుండా ఏదీ కొనకూడదనుకున్నాను. ఇంట్లో కొలిచే సాధనం ఒకటి ఉండనే ఉంది, గోడకున్న కరెంటు మీటరు. దాని మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది కదా, పక్కనే సన్న అక్షరాలతో యూనిట్‌కు 3200 అని ఉంది. ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. కొన్ని మీటర్లలో ఈ అంకె వేరే ఉంటుంది, ఎవరి మీటరు వాళ్లు చూసుకోవాలి.

ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేశాం. లైటు వెలగడం మానేసింది. అప్పుడు గీజరు ఒక్కటే వేశాం. లైటు ఎంత గబగబా కొట్టుకుందంటే కంటితో లెక్కపెట్టడం మా వల్ల కాలేదు. పెద్దమ్మాయి ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టినా 104. గంటకు 6,240, దాన్ని 3200తో భాగిస్తే 1.95 యూనిట్లు, అంటే 1950 వాట్లు. డబ్బా మీద రాసిన 2000 వాట్లకు దగ్గరగానే తీసుకుంటోంది.

గీజరు చల్లగా ఉన్నప్పుడు వేస్తే దాని మీది బుగ్గ దీపం ఆరిపోవడానికి 34 నిమిషాలు పట్టింది. అంటే ఒక ట్యాంకు నిండా నీళ్లు కాగడానికి 1.1 యూనిట్లు. స్కూలు ల్యాబు నుంచి అడిగి తెచ్చుకున్న థర్మామీటరుతో చూస్తే పై ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 26 డిగ్రీలు, గీజరు నుంచి వచ్చేవి 63. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.186 కిలోజౌళ్లు కావాలి, యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు. 25 లీటర్లు, 37 డిగ్రీలు వేసి చూడండి, 1.08 వస్తుంది. పుస్తకంలో లెక్కా, గోడ మీద లెక్కా ఇంత దగ్గరగా రావడం చూసి పెద్దమ్మాయి మొహం వెలిగిపోయింది. బిల్లు బాధ కాసేపు మరచిపోయాను.

నవంబరు 11, సోమవారం

ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే చిన్న మీటరు ఒకటి తెప్పించాను, 16 ఆంపులది. ఎన్ని యూనిట్లు పోయాయో తెర మీద కూడుకుంటూ పోతుంది. దాన్ని పెట్టబోతూ గీజరు ప్లగ్గు పీకితే లోపల భయం పుట్టించేది కనిపించింది. సాకెట్టులో ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి మాడిపోయి ఉంది. ప్లగ్గు పిన్ను ఒకటి నల్లబడి గరుకుగా తగిలింది. వదులైన పిన్ను దగ్గర వేడి పుడుతుందని చదివింది వేరు, తొమ్మిదేళ్లుగా పిల్లలు స్నానం చేసే గది గోడలో చూడటం వేరు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి కొత్త సాకెట్టు, కొత్త ప్లగ్గు వేశాడు. ఎర్తింగ్ చూశాడు, బోర్డులో ఉన్న 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే పడిపోయే స్విచ్, దాని మీద టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూశాడు. ఈ డైరీ చదివి ఎవరైనా టైమరు కొనకపోయినా పరవాలేదు, గీజరు ప్లగ్గు ఒకసారి పీకి చూడండి. మెయిన్ ఆపాకే.

నవంబరు 18, సోమవారం

పోయిన సోమవారం రాత్రి నుంచి నిన్న ఆదివారం తెల్లవారే దాకా పాత పద్ధతిలోనే వాడాం. ఐదు రోజులకు 17 యూనిట్లు, రోజుకు 3.4.

అందులో స్నానానికి ఎంత, ఊరికే పోయేదెంత? అది తేలాలంటే గీజరు రోజంతా వేసి ఉంచి, దాని నీళ్లు ఒక్క చెంబు కూడా వాడకుండా చూడాలి. ఆదివారం, అందరికీ తలస్నానాలు. ఎట్లా అని నేను తల పట్టుకుంటే అత్తమ్మ లేచి, అటక మీది రాగి కాగు దింపించింది. చింతపండు, ఉప్పు వేసి తోమింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కొబ్బరి మట్టలు, పాత కుర్చీ చెక్కలు ఎగదోసింది. "గీ నీళ్లకు మీటరు తిరగది బిడ్డా, పోసుకో" అంది. పొగ వాసన నీళ్లతో పోసుకుని ఎన్నేళ్లయిందో. చిన్నవాడు రెండోసారి కూడా పోసుకుంటానని మారాం చేశాడు.

నిన్న పొద్దున ఆరు నుంచి ఇవాళ ఆరు దాకా గీజరు తాగిన కరెంటు 1.2 యూనిట్లు. ఒక్క చెంబు వాడకుండా. నీళ్లు లోపల కూర్చుని చల్లారుతున్నాయి, థర్మోస్టాట్ మళ్లీ వేస్తోంది, మళ్లీ చల్లారుతున్నాయి. స్టార్ లేబుల్ మీద నిలకడ నష్టం అని ఒక అంకె వేస్తారు, అది ఇదే. కొత్త ఐదు స్టార్ల గీజర్లలో ఇంతకంటే బాగా తక్కువ. మాది పాతది, లోపలి ఫోమ్ కూడా ముసలిదయి ఉంటుంది.

రోజుకు 1.2 అంటే నెలకు 36. ఇవాళ ఈ అంకె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మేం దాటింది 14.

నవంబరు 23, శనివారం

స్కూలు అయ్యాక అటు నుంచి అటే హైదరాబాదులో కరెంటు సామాన్లు అమ్మే ట్రూప్ బజార్‌కు వెళ్లాను. మూడు రకాలు చూపించారు. గడియారంలా తిరిగే గుండ్రటి టైమరు, చుట్టూ పళ్లు ఉంటాయి, ఒక్కో పన్ను పావుగంట, నొక్కిన పళ్ల వరకూ కరెంటు పోతుంది. రెండోది బోర్డులో బిగించే డిజిటల్ టైమరు, వారంలో ఏ రోజుకు ఆ రోజు వేరే టైము పెట్టుకోవచ్చు. మూడోది ఫోనుతో నడిచే ప్లగ్గు, వైఫై కావాలి. అత్తమ్మ చేతిలో స్మార్ట్ ఫోను లేదు, ఉన్నా నీళ్ల కోసం ఫోను వెతుక్కునే పరిస్థితి నాకు నచ్చదు. మూడోది వద్దనుకున్నాను.

పళ్ల టైమరు 690 రూపాయలు. తీసుకున్నాను. కొనేముందు ఒక్కటి గట్టిగా చూశాను, ఎన్ని ఆంపులు అని. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపులు. పక్క కొట్టులో సగం ధరకు ఇంకోటి ఉంది కానీ దాని మీద 10 ఆంపులు అని రాసి ఉంది. గంటసేపు ఆగకుండా 8.7 ఆంపులు లాగే వస్తువుకు అది బొటాబొటి. మాడిన సాకెట్టు కళ్ల ముందే ఉంది. 16 ఆంపులదే తెచ్చాను.

నవంబరు 25, సోమవారం

నిన్న రాత్రి పెట్టాను. ఐదుంబావు నుంచి ఆరూ ముప్పావు, సాయంత్రం ఏడు నుంచి ఏడూ ముప్పావు. అందరి స్నానాల టైములూ ఒక కాగితం మీద రాసుకుని, మరీ గర్వంగా పళ్లు నొక్కాను.

ఇవాళ కార్తీకం ఆఖరి సోమవారం. అత్తమ్మ నాలుగింటికే లేస్తుంది, సూర్యుడు రాకముందే స్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెడుతుంది. ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్నాను. ఆ కాగితం మీద ఆమె పేరు ఎదురుగా ఐదున్నర అని రాశాను, మామూలు రోజుల టైము.

నేను లేచేసరికి తులసికోట దగ్గర దీపం వెలుగుతోంది. తడి చీర చెంగు వణుకుతోంది. కొళాయి తిప్పితే చన్నీళ్లే వచ్చాయట, అట్లాగే పోసుకుంది. "లేపొచ్చు కదా అత్తమ్మా" అంటే, "కార్తీకంల సల్ల నీళ్లే పోసుకోవాలె, ఏం గాదు" అంది. 71 ఏళ్ల మనిషి. నాకు గొంతులో ముద్ద దిగలేదు. మూడొందల రూపాయల కోసం ఇట్లా చేస్తానా?

సాయంత్రం కూర్చుని, తెల్లవారుజాము నాలుగుంబావు దగ్గర ఇంకో రెండు పళ్లు నొక్కాను. కార్తీకం వెళ్లేదాకా ఉంచుతాను. పెట్టేముందు ఆమెను కూర్చోబెట్టి ఏ పన్ను ఏ టైమో చూపించాను. ఇది ముందే చేయాల్సింది.

నవంబరు 30, శనివారం

అసలు కిటుకు ఇవాళ దొరికింది. టైమరు ఉంది కాబట్టి మిగులుతుందని కాదు, ఎప్పుడు ఆపుతున్నామన్నదే ముఖ్యం.

ఆఖరి స్నానం నాది, ఆరూ యాభైకి. నేను నీళ్లు వాడిన కొద్దీ అడుగు నుంచి చన్నీళ్లు లోపలికి వస్తాయి. అప్పటికి కరెంటు ఉంటే గీజరు వాటిని మళ్లీ 63 దాకా కాస్తుంది. ఎవరి కోసం? ఇల్లంతా ఖాళీ, సాయంత్రం దాకా ఆ వేడి గోడకూ గాలికీ పోతుంది. అందుకే నా స్నానం అయ్యాక కాకుండా, మొదలుపెట్టకముందే ఆపాలి. ఆరున్నరకే ఆపేసి చూశాను. నిండు ట్యాంకు 63 డిగ్రీలది, చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లకు పైనే వస్తాయి. నాకు ఒకటి చాలు. స్నానం అయ్యాక గీజరులో అంత వేడి మిగల్లేదు, ఊరికే పోయే వేడీ తక్కువే.

రాత్రి కూడా అంతే. పడుకునేటప్పుడు ఆపుతున్నాం కదా అని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాం. ఆపినా లోపల నిండా సలసల కాగే నీళ్లు ఉంటే అవి తెల్లారేదాకా చల్లారుతూనే ఉంటాయి. ఆ వేడికి డబ్బు ఎప్పుడో కట్టేశాం.

డిసెంబరు 6, శుక్రవారం

నిన్న మా లైనులో చెట్ల కొమ్మలు కొట్టడానికి రెండు గంటలు కరెంటు తీశారు. పళ్ల టైమరు లోపల ఉన్నది కరెంటుతో తిరిగే చిన్న మోటారు. కరెంటు పోతే దాని గడియారమూ ఆగుతుంది. ఇవాళ ఐదుంబావుకు రావాల్సిన వేడినీళ్లు ఏడుంబావుకు వచ్చాయి. చిన్నవాడికి యూనిట్ టెస్టు, మొహం మాత్రం కడుక్కుని పోయాడు.

ఎలక్ట్రీషియన్ అన్నకు ఫోను చేశాను. "నేను ముందే చెప్దామనుకున్న మేడం, మన దిక్కు కరెంటు పోకుంట ఉంటదా. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది పెడదం, పక్కన కాంటాక్టర్, అంటే పెద్ద స్విచ్, ఏస్త. టైమరు సైగ చేస్తది, బరువు కాంటాక్టర్ మోస్తది" అన్నాడు. ఇంత తేలిగ్గా నేను పిల్లలకు కూడా చెప్పలేనేమో.

డిసెంబరు 8, ఆదివారం

డిజిటల్ టైమరు, 25 ఆంపుల కాంటాక్టర్, చిన్న ప్లాస్టిక్ డబ్బా, కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే 16 ఆంపుల ఎంసీబీ, కూలీ, మొత్తం 3,350 రూపాయలు. రెండు గంటల పని. అన్న మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూసి, ఇంకోసారి చూసి, అప్పుడు చేయి పెట్టాడు. బోర్డు లోపలి పని మనం చేసుకునేది కాదు, నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను, అంతే.

నేను అడిగి వేయించుకున్నది ఒకటి ఉంది. బాత్రూం బయట, అత్తమ్మ చేతికి అందే ఎత్తులో ఒక స్విచ్, మీద ఎర్ర బుగ్గ. టైమరు ఏం చెప్పినా సరే, ఆ స్విచ్ వేస్తే గీజరు వెలుగుతుంది. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా, తెల్లవారుజామున స్నానం చేయాలన్నా ఎవరినీ లేపే పని లేదు. ఎర్ర బుగ్గ హాల్లోకి కనిపిస్తుంది కాబట్టి మరచిపోయే భయమూ తక్కువ. సామాన్ల మొత్తంలో దీనికి అయ్యింది 140 రూపాయలు.

టైమరు గీజరు లోపలి థర్మోస్టాట్‌కు గానీ, నీళ్లు మరీ మరిగితే కరెంటు తెంచే కటౌట్‌కు గానీ, పైన ఉన్న ప్రెషర్ వాల్వుకు గానీ బదులు కాదు. అవి మూడూ పని చేస్తున్నాయో లేదో కూడా చూడమన్నాను. వాల్వు పిడి బిగుసుకుపోయి ఉంది, మార్చాడు. అదీ ఆ 3,350లోనే.

డిసెంబరు 9, సోమవారం

బిల్లు 203.

మూడే మూడు యూనిట్లు. 1,043 రూపాయల 10 పైసలు. ఇంకో మూడు తగ్గించగలిగి ఉంటే 820. ఇవాళ ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

డిసెంబరు 15, ఆదివారం

రోజుకు ఎంత పోతోందో మళ్లీ చూస్తే 3.1 దగ్గర ఉంది. నవంబరులో టైమరు లేనప్పుడు 3.4. ఇంత చేసి మిగిలింది 0.3 యేనా? రెండు రోజులు మనసు మనసులో లేదు. మా ఆయన "పోనీలే, సాకెట్టు మాడింది బయటపడింది కదా" అని ఓదార్చాడు.

ఇవాళ పొద్దున థర్మామీటరు పెట్టి చూశాక అర్థమయింది. పై ట్యాంకు నీళ్లు 21 డిగ్రీలు. నవంబరులో 26. బకెట్టుకు 20 లీటర్లు, ఒంటికి 40 డిగ్రీలు కావాలనుకుంటే, అప్పుడు 14 డిగ్రీలు కాస్తే సరిపోయింది, ఇప్పుడు 19 కాయాలి. ఒక బకెట్టుకు 0.33 యూనిట్లు పోయేది, ఇప్పుడు 0.44. రోజుకు ఏడు బకెట్లు. చలి ముదిరిన కొద్దీ ఖర్చు పెరుగుతోంది, టైమరు దాన్ని కిందికి లాగుతోంది. ఆ నెలనూ ఈ నెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పుడు జవాబే వస్తుంది. ఒకే చలిలో రెండు పద్ధతులూ కొలవాలి.

డిసెంబరు 29, ఆదివారం

కొలిచాను. 16 నుంచి 21 దాకా టైమరుతో. 23 నుంచి 28 దాకా టైమరు పక్కన పెట్టి పాత పద్ధతిలో, పొద్దున ఐదుకు వేసి రాత్రి పదిన్నరకు ఆపి. రెండు వారాలూ నీళ్లు 21 డిగ్రీల దగ్గరే ఉన్నాయి, మనుషులు వాళ్లే, బకెట్లు అవే.

టైమరుతో ఆరు రోజులకు 18.6. పాత పద్ధతిలో 24.0.

రోజుకు 3.1, 4.0. తేడా 0.9 యూనిట్. నెలకు 27. 1.2 అంతా మిగలదు, ఎందుకంటే కాగుతున్నంతసేపూ, స్నానాలు జరుగుతున్నంతసేపూ కొంత వేడి పోవడం ఎట్లాగూ తప్పదు. 0.9 చాలు నాకు. కళ్ల నీళ్లు పెట్టుకున్నంత పని చేశాను. పెద్దమ్మాయి రెండు వారాల అంకెలూ గ్రాఫు కాగితం మీద వేసి ఫ్రిజ్‌కు అంటించింది.

జనవరి 5, 2025, ఆదివారం

గీజరు కాగేటప్పుడు కొన్నాళ్లుగా గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు. ఇవాళ అన్నతో విప్పించాను. మాకు కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు, మిగతాదంతా బోరే. ఆ బోరు నీళ్ల ఉప్పంతా లోపల పేరుకుంది. కింది ఫ్లాంజ్, అంటే మూత, విప్పగానే గుడ్డు పెంకుల్లాంటి తెల్లటి చిప్పలు జలజలా రాలాయి, ఒక చెంబు నిండా. కాయిలు మీద వేలు మందాన పొర. పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం రాడ్డు పూర్తిగా కరిగిపోయి మధ్యలో సన్న తీగ మిగిలింది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తనకు పట్టించుకునే రాడ్డు అది, అది అయిపోతే తుప్పు ట్యాంకు మీద పడుతుంది. కొత్తది వేశాం. బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి చూడాలి, మేం తొమ్మిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

ఆ ఉప్పు పొర తీస్తే కరెంటు సగానికి సగం తగ్గుతుందని అందరూ అంటారు. మా మీటరులో అట్లా కనిపించలేదు. శుభ్రం చేయకముందు నిండు ట్యాంకు కాగడానికీ, చేశాక కాగడానికీ తేడా పైసల్లోనే ఉంది. ఆలోచిస్తే అది సబబే, కాయిలు నీళ్లలోనే మునిగి ఉంది, దాని వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే పోవాలి. ఆ పొర వల్ల చెడేది కాయిలు, అది లోలోపల ఎక్కువ వేడెక్కి తొందరగా కాలిపోతుంది. శుభ్రం చేయించడం గీజరు ఆయుష్షు కోసం.

థర్మోస్టాట్ 63 నుంచి 60కి దించాం, అంతకంటే దించలేదు. ఇంకా తగ్గిస్తే ఇంకొంచెం మిగులుతుందని నాకూ అనిపించింది. కానీ నిలవ ఉండే గోరువెచ్చటి నీళ్లలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర అది బతకలేదు. మా గీజరు ఇప్పుడు పగలంతా చల్లారి ఉంటుంది కాబట్టి, వాడేముందు ప్రతిసారీ 60 దాకా కాగనిస్తున్నాం. ఇంట్లో ముసలావిడ ఉంది, ఈ పైసలు నాకు వద్దు.

జనవరి 9, గురువారం

193!

చార్జీ 786 రూపాయల 40 పైసలు. మధ్యలో ఆరు రోజులు ప్రయోగం కోసం పాత పద్ధతిలో వాడినా ఇది. మిగతా 25 రోజులకు రోజుకు 0.9 చొప్పున 22 యూనిట్లు మిగిలాయి. టైమరు లేకపోతే 215 అయ్యేది, 1,135 రూపాయల 50 పైసలు కట్టేవాళ్లం. తేడా 349 రూపాయల 10 పైసలు.

పెట్టింది 3,350. మాకు గీజరు అవసరమయ్యేది అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, గట్టిగా నాలుగు నెలలు. ఏడాదికి 1,400 అనుకుంటే డబ్బులు తిరిగి రావడానికి రెండు చలికాలాలు దాటుతుంది. అది కూడా మేం 200 గీతకు అటూ ఇటూ ఉన్నాం కాబట్టి. నెలకు 150 దగ్గర ఉండే ఇంటికి ఇవే 27 యూనిట్లు 4.80 చొప్పున 130 రూపాయలు. వాళ్లకు ఇంత ఖర్చు దండగ, గోడ మీద కాగితం అంటించుకుని చేత్తో ఆపుకోవడం మేలు. మేం అదీ ప్రయత్నించాం, నిజం చెప్పాలంటే నాలుగు రోజులు నడిచింది. పొద్దున ఆరున్నరకు మా ఇంట్లో టిఫిను డబ్బాలు, సాక్సులు, బస్సు హారను. ఆ వేళ స్విచ్ గుర్తుండదు. ఇంట్లో ఇద్దరే ఉండి, ఒకరి తరువాత ఒకరు స్నానం చేసేవాళ్లయితే మాత్రం వాళ్లకు టైమరు ఎందుకో నాకు తెలియదు.

పళ్ల టైమరు అల్మారాలో పడి ఉంది. దాని సంగతి చూడాలి.

జనవరి 12, ఆదివారం

పై వాటా వాళ్లు భోగికి ముగ్గుల పిండి అడగడానికి వచ్చి, మాటల్లో బిల్లు చూపించారు. వాళ్లకు రేషను కార్డు ఉంది, గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు అయితే సున్నా బిల్లు. 2024 మార్చి నుంచి సున్నాయే వస్తోంది. ఈ నెల 208. పథకం వర్తించలేదు, పూర్తి చార్జీ 1,081 రూపాయల 60 పైసలు. వాళ్లాయన ఆటో నడుపుతాడు. ఎనిమిది యూనిట్ల దగ్గర వెయ్యి రూపాయలు.

నేను నా మూడొందల గురించి ఇన్ని పేజీలు రాశాను.

వాళ్లది 10 లీటర్ల గీజరు, 2000 వాట్లే. మేడ మెట్లెక్కి చూశాను, పొద్దున వేసిన బుగ్గ మధ్యాహ్నం రెండింటికీ వెలిగి ఆరుతోంది. ముందు ప్లగ్గు పీకి సాకెట్టు చూశాను, బాగానే ఉంది. కిందికి దిగి అల్మారాలోని పళ్ల టైమరు తెచ్చి పెట్టాను. పొద్దున ఒక గంట, సాయంత్రం అరగంట. కరెంటు పోయి వస్తే గుండ్రటి చక్రాన్ని ఇప్పటి టైముకు తిప్పుకోవాలని పై వాటా ఆమెకు రెండుసార్లు చూపించాను, ఆమె మూడోసారి తనే తిప్పి నాకు చూపించింది.

ఫిబ్రవరి 10, సోమవారం

మాకు 184. 743 రూపాయల 20 పైసలు.

రీడింగ్ అబ్బాయి పైకి ఎక్కుతుంటే నేనూ వెనకే వెళ్లాను. మిషన్ లోంచి కాగితం బయటికి వస్తుంటే ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. 191. కింద సున్నా. ఆమె ఆ కాగితం దేవుడి పటం పక్కన పెట్టింది.

పగటి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, ట్యాంకు నీళ్లు 25కి వచ్చాయి. 26న శివరాత్రి. ఆ రోజుతో చలి శివశివా అనుకుంటూ పోతుందని అత్తమ్మ అంటుంది, గీజరూ ఆనాటితో బందు పెడదామంది. ఆ ఒక్క రోజుకు తనకు నీళ్లు మూడున్నరకే కావాలట. నేను టైమరు దగ్గరకు వెళ్లేసరికి, బుధవారం గడిలో మూడున్నర అప్పటికే పెట్టి ఉంది. చిన్నవాడిని పక్కన నిలబెట్టుకుని తనే నొక్కిందట.